నలభై ఏడో నంబరు జట్కా

"పొద్దస్తమానం ఇంట్లో కూసోని ఏం చేస్తాంటావే? గుర్రాన్ని చూడు, ఎట్లయిపోయిందో!"

పొయ్యి మీది నుంచి ఉలవల కుండ దించుతున్న తిమ్మక్క ఆ మాటకు తలెత్తలేదు. మొగుడు ఎర్రప్ప జట్కా తోలేవాడు. అతనికి జవాబు చెబితే మాట మీద మాట పెరిగి ఉలవలు చల్లారిపోతాయి. చల్లారితే చుక్కి తినదు. చుక్కి అంటే వాళ్ళ ఆడగుర్రం. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి ఆ పేరు. తిమ్మక్క కాపురానికి వచ్చేటప్పుడు, ఇది నీది అని వాళ్ళ నాయన ఆమె చేతికి తాడిచ్చి పంపిన పిల్ల.

అది ఎట్లయిపోయిందో ఆమెకు తెలియదా? వానలు మొహం చాటేసి మూడో ఏడు. గడ్డి అనేది కంటికి కనపడితే కదా కోసేది. కోడి కూయకముందే లేచి లద్దె ఎత్తి, గుర్రానికి మాలిష్ చేసి, చిత్రావతి ఏటి ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు పట్టించుకొని వస్తుంది. మళ్ళీ గంప ఎత్తుకొని రెండు మైళ్ళు పోయి, ఎండిన గట్లలో గరిక వేర్లు పెళ్ళగించి, మట్టి పోయేదాకా కడిగి తెస్తుంది. ఇరుసుకు ఆముదం పెట్టేది ఆమె, చినిగిన మెత్తలు కుట్టేది ఆమె. ఉలవలు ఉడికితే కట్టు ఇంట్లో చారుకు, గింజలు గుర్రానికి. ఆ గింజల్లో పిడికెడు తన వాటా అని ఆమె మూడు నెలలుగా మరిచిపోయింది. ఇంత అయ్యాక ఎర్రప్ప నీళ్ళు పోసుకొని, తలగుడ్డ చుట్టి, బండి మీద కూర్చుంటాడు. బజార్లో జనం "ఎర్రప్ప గుర్రాన్ని బలే సాకుతాడప్పా" అంటే మీసం మీద చెయ్యి వేసుకుంటాడు. అత్త నల్లమ్మ అరుగు మీద నుంచి "మగోడు ఎండన పడి తెస్తాంటే నీడన కూసోని తినేదానికేం తల్లీ" అంటుంది. ఆ నీడ ఎక్కడుందో తిమ్మక్కకు పన్నెండేళ్ళుగా దొరకలేదు.

అది పంతొమ్మిది వందల అరవై ఒకటి. ఆ మంగళవారం మున్సిపాలిటీ వాళ్ళు దండోరా వేయించారు. ఊళ్ళో జట్కాలు అరవై రెండు. బస్సులు వచ్చాయి, బండి ఎక్కే జనం తగ్గారు, స్టేషను ముందర ఒక్క మనిషి కోసం నలుగురు బండ్లవాళ్ళు కొట్టుకుంటున్నారు. కాబట్టి ఇక మీదట నలభై జట్కాలకే లైసెన్సు బిళ్ళ. శుక్రవారం పొద్దున సంత మైదానంలో తనిఖీ. గుర్రం, బండి, తోలే మనిషి, మూడూ బాగుంటేనే బిళ్ళ ఇస్తారు. నలభై నిండగానే బల్ల ఎత్తేస్తారు.

"బిళ్ళ రాలేదంటే ఆదివారం సంతలో దాన్ని తోళ్ళోనికి తోలేస్తా. ఉత్తగుర్రానికి మేత యాడిది?" అన్నాడు ఎర్రప్ప. ఆ రెండు రోజులూ తిమ్మక్క చుక్కి మెడ మీద చెయ్యి వేసినప్పుడల్లా తోళ్ళవాడి కత్తి కళ్ళ ముందు ఆడింది.

ఎక్కే జనం లేరట! ఆ మాట కూడా ఆమెకు మింగుడు పడలేదు. గరిక గంపతో రోజూ స్టేషను దారిన వచ్చేది ఆమె. ధర్మాసుపత్రికి పోయే ఆడవాళ్ళు రైలు దిగి, జట్కాల వరుసను దాటుకొని, రెండు మైళ్ళూ నడిచే పోతారు. ఎందుకు ఎక్కరో మగవాళ్ళెవరూ ఆలోచించలేదు. జట్కాకు బరువు వెనక్కి పడితే ముందు కాడి పైకి లేస్తుంది. అందుకని తోలేవాడు "ముందుకు జరుగమ్మా, ఇంకా జరుగు, ముందు బరువు చాల్లేదు" అంటాడు. జరిగి జరిగి ఆడమనిషి మోకాళ్ళు వాడి వీపుకు తగలాలి. సందు తిరిగేటప్పుడు వాడు వెనక్కి వాలాలి. ఒక మూట ఇసుక ముందర పడేస్తే తీరే బరువది. పోయిన ఎండాకాలం బత్తలపల్లె నుంచి మగ్గాల ఇంటి కోడలొకతె నిండు చూలాలు, నొప్పులతో దిగింది. వరుసలో మొదటి బండివాడు ముందుకు జరగమన్నాడు. ఆమె బండి దిగి నడిచింది. మోరీ దగ్గర కూలబడితే తిమ్మక్క గంప పారేసి పట్టుకుంది. బిడ్డ ఆ దుమ్ములోనే పుట్టింది, ఏడవలేదు. ఆ సంగతి ఇంట్లో చెబితే "గరిక యాడ పారేసినావు?" అని అడిగాడు ఎర్రప్ప.

గురువారం సాయంత్రం అతను ఉపాయంతో వచ్చాడు. పదకొండో నంబరు బండి ఆదెన్నది. వాడి మగగుర్రం కొవ్వి ఉంటుంది. వాడు సరేనన్నాడు, అది ముందుగా పాసవుతుంది. పాసైన గుర్రానికి ముందుకాలి గిట్ట మీద ఎర్రరంగుతో గుర్తు వేస్తారు. మైదానం గోడ వెనక ఆ రంగు తుడిచి, అదే గుర్రాన్ని తమ నలభై ఏడో నంబరు బండికి కట్టి మళ్ళీ చూపించాలి.

"వద్దయ్యా. చుక్కికి బొమికెలు కనపడతాండాయి గానీ రోగం లేదు. ఉండేదాన్నే చూపిద్దాం."

"నీకేం తెలుసు? బండి నాది, నడిపేది నేను. నువ్వు గోడెనక దాన్ని పట్టుకోని కనపడకుండా నిలబడు. ఆ రంగు కూడా నువ్వే తుడుచల్ల, మాకు టైముండదు."

మోసానికి కూడా తుడిచే పని తనదేనా అనుకుంది తిమ్మక్క. నవ్వు రాలేదు.

శుక్రవారం ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. గోడకు అవతల బల్ల వేసుకొని మున్సిపాలిటీ ఛైర్మను, పక్కన గుమాస్తా, గుర్రాలను చూడడానికి పశువుల డాక్టరు. గోడకు ఇవతల తిమ్మక్క మోకాళ్ళ మీద కూర్చొని, కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో ఆదెన్న గుర్రం గిట్ట రుద్దుతోంది. పచ్చి రంగు, కొంచెం కొంచెంగా ఊడింది. గిట్ట నెర్రెల్లోకి దిగింది మాత్రం రాలేదు. "కానీవే, ముప్పై ఆరు బిళ్ళలు పోయినాయి!" అని ఎర్రప్ప పళ్ళు కొరికాడు. చుక్కి మెడ చాచి ఆమె భుజం మీద మూతి పెట్టింది. అతను దాన్ని తోసేసి, పరాయి గుర్రాన్ని బండికి కట్టుకొని పోయాడు.

తిమ్మక్క చుక్కి మూతి పట్టుకొని గోడకు ఆనుకుంది. సకిలిస్తే అంతా బయటపడుతుంది. గోడకు చెవి పెట్టి అవతలి మాటలు విన్నది.

"ఏమప్పా," డాక్టరు గొంతు, "గిట్టకు కిరసనాయిలు పూసే వైద్యం యాడ నేర్చినావు?"

జనం గొల్లుమన్నారు. ఆ తర్వాత డాక్టరు నవ్వని గొంతు వినపడింది. "నెర్రెల్లో ఎర్రరంగు ఉంది. ఇది పొద్దున నేను పాస్ చేసిన గుర్రం. పైగా నీ పాత లైసెన్సు కాగితంలో ఆడగుర్రం, నుదుట తెల్లమచ్చ అని ఉంది."

కాగితంలో ఏముందో ఎర్రప్ప ఏనాడైనా ఎవరినైనా చదవమని అడిగి ఉంటే కదా.

"నాకేం తెలీదు సార్! అంతా మా ఇంటిది చేసింది. బుద్ధిలేని ముండ. ఆ గోడెనక ఉండాది, అడుక్కోండి. దాని చేతులు చూడండి, కిరసనాయిలు వాసనొస్తాయి."

ఆ మాట తిమ్మక్క ఒంట్లోకి దిగడానికి క్షణం పట్టింది. ముండ అనడం కొత్తేమీ కాదు. చేతులు చూడండి అన్నాడే! ఇన్నేళ్ళలో ఆ చేతులు అతనికి ఒక్కసారీ కనపడలేదు. లద్దె ఎత్తినప్పుడు కనపడలేదు, గరిక వేర్లు తవ్వి గోళ్ళు చీలినప్పుడు కనపడలేదు. తప్పు మోయడానికి మనిషి కావలసి వచ్చేసరికి కనపడ్డాయి. ఇంటికి పోదామా అనుకుంది. పోతే ఎల్లుండే ఆదివారం సంత. కొంగు నడుముకు దోపి, చుక్కి తాడు పట్టుకొని గోడ చుట్టి వచ్చి, అందరి ముందర నిలబడింది.

"తుడిచింది నేనే సామీ. తుడచమన్నది ఆయన. మా గుర్రం ఇది. ఉండేదున్నట్టు చూడండి."

డాక్టరు చుక్కి చుట్టూ తిరిగాడు. పళ్ళు చూశాడు, మెడ కింద తడిమాడు. వెనకకాలు ఎత్తమని ఎర్రప్పతో అన్నాడు. ఎర్రప్ప వంగితే చుక్కి తన్నబోయింది. తిమ్మక్క దాని తొడ మీద చెయ్యి వేసి "ఇయ్యి" అనగానే ఇచ్చింది.

"కరువులో ఏ గుర్రానికైనా ఎముకలు కనపడతాయి," అన్నాడు డాక్టరు. "మెడ మీద, భుజాల మీద ఒక్క పుండు లేని గుర్రాన్ని పొద్దున్నుంచి ఇదే చూడటం. గుర్రం పాస్."

ఛైర్మను ఎర్రప్ప వైపు చూశాడు. "గుర్రం పాసు, బండి పాసు. నువ్వు పాసు కాలేదప్పా. ఏడాది దాకా ఊళ్ళో పగ్గం ముట్టే పని లేదు. ఉండేది ఒకటే బిళ్ళ. తోలేదానికి వేరే మనిషుంటే చెప్పు, లేకుంటే ఎనకోనికి ఇస్తా."

ఎర్రప్ప గబగబా పెళ్ళాం దగ్గరికి వచ్చాడు. "కాళ్ళు పట్టుకోవే! ఆడదానివి, ఏడిస్తే కరుగుతారు. నాకే ఇమ్మని అడుగు, పో!"

తిమ్మక్క బల్ల దగ్గరికి పోయింది. ఛైర్మను ముందే కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"రాసుకోండి సామీ. తోలే మనిషి పేరు తిమ్మక్క."

గుమాస్తా కలం ఆగిపోయింది. ఎవరో ఈల వేశారు.

"ఆడదాని బండి ఎవురెక్కుతారమ్మా?" అన్నాడు ఛైర్మను. "ఉండే మగోళ్ళకే గిరాకీ లేదని కదా నలభైకి కుదించింది!"

"మీరు లెక్కేసింది ఎక్కినోళ్ళను. మగోని వీపుకు మోకాళ్ళు ఆనించల్లని ఎక్కకుండా నడిచిపోతాండేవాళ్ళను ఎవురూ లెక్కేయలేదు. ఆసుపత్రి దావలో నిలబడి చూడండి సామీ. ఒకతె నా చేతుల్లోనే కన్నాది, బిడ్డ దక్కలేదు. వాళ్ళంతా నా బండెక్కుతారు."

ఛైర్మను గుమాస్తాను చూశాడు. అతను పుస్తకం తిరగేసి, "తోలేది మగోడే కావాలని యాడా రాయలేదు సార్" అన్నాడు, అది తన తప్పయినట్టు.

"ఏమప్పా, బండి నీది. ఒప్పుకుంటావా, ఎనకోన్ని పిలవల్నా?"

వెనకవాడు అప్పటికే రెండడుగులు ముందుకు వచ్చి ఉన్నాడు. ఎర్రప్ప వాణ్ణి చూశాడు, బల్ల మీది బిళ్ళను చూశాడు. "రాసుకోండి," అన్నాడు.

డాక్టరు మైదానం చుట్టూ ఒకసారి తోలి చూపించమన్నాడు. ఆదెన్న గుర్రాన్ని విప్పి చుక్కిని కట్టడానికి ఆమెకు ఎంతోసేపు పట్టలేదు, రోజూ కట్టేదే. తోలేవాడి చోట కూర్చొని పగ్గం అందుకుంది. అరవైమంది మగవాళ్ళు చూస్తున్నారు.

ఎర్రప్ప వచ్చి కళ్ళెం పట్టుకున్నాడు. ఎవరికీ వినపడకుండా, "కాయితం కాయితమే. తోలేది నేనే. నగుబాటు చాలు, దిగు. ఇంటికి పోయినాక చెప్తా నీ కత," అన్నాడు.

ఆ కత ఎట్లుంటుందో ఆమె వీపుకు తెలుసు. అయినా పగ్గం వదలలేదు, కిందికి చూసి అందరికీ వినపడేలాగే చెప్పింది.

"ఎక్కేటట్లుంటే ఎనక ఎక్కు. లేకుంటే దావ ఇడువు."