కుర్చీ మీద మూత

పొద్దున్నే థాంగ్ గోడ దగ్గర నిలబడి పెద్దగొంతుతో చదువుతుంటే, యెన్ పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ గోడ మీద కూల్చివేత నోటీసు ఎప్పటినుంచో ఉంది. ఛెంగ్దూలో ఆ సందు మొత్తం పడగొట్టి, విదేశీ అతిథులు చూసి మెచ్చుకునేలా ‘పాతకాలపు వీధి’ని కొత్తగా కడతారట. నిజంగా పాతదైన ఆమె టీకొట్టును నేలమట్టం చేసి, పాతదానిలా కనిపించే టీకొట్టు కట్టడమన్నమాట! ఇప్పుడు నోటీసు పక్కనే ఎవరో, విదేశీ పత్రికలోంచి చైనా భాషలోకి మార్చి అచ్చేసిన ముక్క కూడా అంటించి పోయారు.

“‘చైనా మనిషికి ఇంటికంటే దేశమే ముఖ్యం. టీకొట్టు పెద్దావిడ అధికారికి నవ్వుతూ టీ పోసి, కొట్టు అప్పగించింది.’ రాసింది మన హాన్ మాస్టారే పిన్నీ! పేపర్లో పడ్డావు, మిఠాయి పంచు” అన్నాడు థాంగ్. కొట్టులో కూర్చున్నవాళ్ళ చెవుల్లో గులిమి తీసి బతుకుతాడతను.

“నీ గులిమి పుల్ల నీ గొంతులోనే దింపుతా. నోరుముయ్యి.”

హాన్ మాస్టారిది బెల్జియం. అసలు పేరు ఎవరికీ నోరు తిరగక వీధివాళ్ళే ఆ పేరు పెట్టారు. ఏళ్ళ తరబడి ఆ మూల వెదురు కుర్చీలో కూర్చుని, చైనా రాజకీయాల గురించి తన దేశపు పత్రికలకు రాస్తుంటాడు. జ్వరమొస్తే గంజి కాచి పోసింది పిన్నే. టీగిన్నె మూత ఎలా పెడితే ఏమర్థమో నేర్పిందీ ఆమే. గిన్నె కింది పళ్ళేనికి ఆనిస్తే వేణ్ణీళ్ళు పొయ్యమని. కుర్చీ మీద పెడితే మనిషి మళ్ళీ వస్తాడు, ఆ చోటు ఎవరూ ముట్టుకోకూడదని. అదీ రాసుకుని పేరు తెచ్చుకున్నాడు.

కాసేపటికి వచ్చి, అలవాటుగా కుర్చీ లాక్కోబోయాడు.

“కూర్చోకు” అంది పిన్ని. “నేను నవ్వుతూ అప్పగించానా?”

“పేట ఆఫీసు నుంచి ఫెంగ్ గారు కాగితం తెచ్చినప్పుడు నవ్వావు కదా పిన్నీ! టీ కూడా పోశావు. నేను చూశాను.”

“గడప తొక్కినవాడికి టీ పొయ్యకుండా ఎలా ఉంటారయ్యా? ఇంతమంది ముందు ఏడవమంటావా? నువ్వు చూసిందంతా చూసుకుని వెళ్ళిపోయావు. ఆయన వెళ్ళాక నేను కెటిల్ గోడకేసి కొట్టాను. అదిగో సొట్ట. వాళ్ళ ఆఫీసు మెట్ల మీద గొంతు పోయేలా అరిచాను. అవి రాశావా?”

“నాకు తెలియలేదు...”

“అడిగితే కదా తెలిసేది! దేశంలో జనమంతా ఏమనుకుంటున్నారో చెప్తావు, ఎదురుగా ఉన్నదాన్ని ఒక్క మాట అడగవు!”

“దిద్ది రాస్తాను.”

“నీ దిద్దుబాటు వచ్చేసరికి నా కొట్టు పైకప్పు కూలిపోతుంది. ఇవాళ వీధి చూడ్డానికి మీ దేశాలవాళ్ళే వస్తున్నారట. వాళ్ళ ముందే చెప్పు.”

మధ్యాహ్నం ఫెంగ్ అతిథులను వెంటేసుకుని వచ్చాడు. ఆ పేట ఆఫీసు పెత్తనమంతా అతనిదే. హాన్ ఏటేటా అక్కడ ఉండాలంటే సంతకం పెట్టేదీ అతనే.

“రండి, వీరే మన పాత మిత్రులు హాన్ మాస్టారు. ఈ పెద్దమ్మ ఎంత సంతోషంగా ఒప్పుకుందో మీ నోటితోనే చెప్పండి మాస్టారూ!”

హాన్ నోరు తెరిచాడు. ఫెంగ్ ముఖం చూశాడు. మళ్ళీ మూసుకున్నాడు.

పిన్ని అరవలేదు. వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ టీ పోసింది. తర్వాత తన గిన్నె మూత తీసి, గడప పక్కనున్న తన కుర్చీలో ఠక్కున పెట్టింది.

“జిల్లా ఆఫీసుకు వెళ్తున్నా” అంది.

థాంగ్ కూడా లేచి తన కుర్చీలో మూత పెట్టాడు. పేకాట బల్ల దగ్గరివాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి, మూతలు పెట్టేశారు. అతిథులు గిన్నెలు చేత్తో పట్టుకుని, కూర్చునే చోటు లేక నిలబడిపోయారు. వాళ్ళలో ఒకావిడ మూతలు చూపించి హాన్‌ను ఏదో అడిగింది.

పిన్ని గడపలోనే ఆగింది. ఇదిగో, ఇప్పుడు చెప్పు!

హాన్ ముఖం ఎర్రబడింది. ముందు వాళ్ళ భాషలో చెప్పాడు. తర్వాత అందరికీ వినబడేలా ఛెంగ్దూ మాటలోనే అన్నాడు:

“ఈవిడ మళ్ళీ వస్తుంది. ఈ చోటు ఎవరూ ముట్టుకోకూడదు. ఈవిడ ఒప్పుకోలేదు. నేను రాసింది తప్పు.”

ఫెంగ్ నవ్వు ముఖానికి అతికించినట్టు అలాగే ఉండిపోయింది.

“ఇప్పటికి పెగిలిందా నోరు!” అంది పిన్ని. గోడ మీది పత్రిక ముక్కను పర్రున చింపి సంచిలో పెట్టుకుంది. “పద, ఈ మాటే జిల్లా ఆఫీసులో చెబుదువుగాని.”

“నేనా?”

“కాక ఇంకెవరు? తిరిగొచ్చాక టీ పోస్తాలే. తిట్టి మరీ పోస్తాను.”

హాన్ తన గిన్నె మూత తీసి, మూల కుర్చీలో పెట్టి ఆమె వెనకే బయల్దేరాడు.