రెండు వరసల ఓటు

2025 నవంబరు 16, ఆదివారం మధ్యాహ్నం. రాజమహేంద్రవరంలో ఒక గ్రంథాలయం మేడమీది గది. నియోజకవర్గ ఓటు చరిత్ర రచనా సంఘం సమావేశానికి హాజరైనవారు: అధ్యక్షులు, కడియం నర్సరీ యజమాని చంద్రరావు గారు; కార్యదర్శి, రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఉదయభాస్కర్ గారు; ముద్రణాలయం నడుపుతున్న దుర్గాశ్రీ గారు; గ్రంథకర్తగా నేను. మిగిలిన సభ్యులు కార్తిక వనభోజనాలకు వెళ్లినందున రాలేదని కార్యదర్శి రాసుకున్నారు. తలుపు పక్క బల్లమీద కూర్చున్న ఐదో మనిషి పేరు మాత్రం ఆయన రాయలేదు.

ఆమె మరిడమ్మ. పుంతలంకలో చేపలు అమ్ముతుంది. ఒక విడత ఆ ఊరికి సర్పంచిగా కూడా చేసింది. ఆమె సంఘ సభ్యురాలు కాదు, ఆమెను ఎవరూ పిలవలేదు. తన ఊరి గురించి నేను ఏం రాశానో చెవులారా వినడానికి గోదావరి దాటి వచ్చింది.

ఏం రాశానో ఆ పూటకు నాకూ ఖాయంగా తెలియదు. ఆరో అధ్యాయానికి నా సంచిలో రెండు ప్రతులు ఉన్నాయి. పుంతలంక గురించి ఐదు పేజీలు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. ఇంటి దగ్గర బస్సెక్కినప్పటి నుంచి వాటిలో ఏది బయటికి తీయాలో తేల్చుకోలేకపోయాను.

మా పార్లమెంటు నియోజకవర్గం ఓటు తీరు ఒక్క మాటలో చెప్పగలిగినదే. మొగ్గితే ఒకేవైపు మొగ్గుతుంది. తొలి ఎన్నికల నుంచి చూసినా గెలిచినవారు తరచు భారీగానే గెలిచారు, అయిదేళ్లకు అంతే భారీగా ఓడారు. పొలాలున్న ఊళ్లూ, చేపల రేవులూ, నర్సరీల ఊళ్లూ ఒక అలమీద కదిలినట్టు కదులుతాయి. పదకొండేళ్ల పాటు బూత్‌ల వారీ ఫలితాలు సేకరించి, పట్టికలు వేసి, నేను నిరూపించగలిగింది చివరికి రేవులో టీ కొట్టువాడు ముందే చెప్పగలిగిన సంగతి. ఇందుకోసమా ఇన్నాళ్లూ ఇంటి తలుపు వేసుకుని కూర్చున్నది అని చాలాసార్లు అనిపించింది.

ఒక్క పుంతలంక బూత్ ఆ అలకు లొంగలేదు. 2009 నుంచి జరిగిన ప్రతి ఎన్నికలోనూ అక్కడ ప్రధాన పక్షాలకు పడిన ఓట్ల మధ్య తేడా పదికి మించలేదు. నియోజకవర్గం మొత్తం ఒకవైపు ఒరిగిపోయిన ఏడు కూడా ఆ ఊరు నిటారుగానే ఉంది. నా పరిశోధన మొత్తంలో కొత్త విషయమంటూ ఉంటే అదొక్కటే. కారణం తెలుసుకోవడానికి పోయిన వేసవిలో ఆ లంకకు వెళ్లాను. నాలుగు రోజులు ఎవరూ ఏమీ చెప్పలేదు. ఐదో రోజు రేవులో గంప దించుకుంటూ మరిడమ్మ చెప్పింది.

"సెప్తానండి, రాయకండి. మిషన్లు వచ్చాకే కదండీ మా బండారం బయటపడింది. కాయితాల రోజుల్లో పదూళ్ల కాయితాలూ ఒకచోట పోసి కలిపేసి లెక్కెట్టేవోరంట. ఎవుడు ఎవుడికేశాడో ఆ బెమ్మదేవుడికీ తెలీదు. మిషనొచ్చిన ఏడు ఊరంతా ఒక్కమాట మీద ఏశాం. ఓడిపోయినాయనకి ఏశాం, అదీ మా రాత. గెలిచినాయన మా ఊళ్లో తనకి పడింది పదిహేడు ఓట్లని ఏలెత్తి సూపించాడు. ఒడ్డుకి పొయ్యడానికి మాకొచ్చిన రాళ్లు పక్క లంకలో దింపేశారు. తరవాత వచ్చిన వరదకి ఏటి వరస మొత్తం ఎల్లిపోయింది."

అప్పటికి ఊళ్లో మూడు వరసల ఇళ్లు ఉండేవి. ఇప్పుడు రెండు ఉన్నాయి. ఆ వరద తరవాతే పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. తూర్పు వరస వాళ్లు ఒక పక్షానికి వేయాలి, పడమర వరస వాళ్లు రెండో పక్షానికి. మళ్లీ ఎన్నికలకు వరసలు తారుమారు. ఎవరు గెలిచినా తమ బూత్ అంకె చూసి, కొంచెం చేయి వేస్తే ఈ ఊరు మనదే అవుతుందనుకోవాలి. వాళ్లు ఆశించింది అంతే. అలాగే జరిగింది కూడా. ఎగువ రాతికట్టు ఒక పక్షం వారు కట్టించారు, నడిమి కట్టు ఇంకో పక్షం వారు కట్టించారు. దిగువ వైపు మిగిలింది. కోత ఇప్పుడు అక్కడే.

"అందరూ మాటమీద నిలబడతారా?" అని అడిగాను.

"నిలబడక సస్తారా అండీ! పక్కమీద నడుం వాలిస్తే ఒడ్డు ఇరిగిపడే సప్పుడు ఇనపడతాది."

"మరి 2009లో మూడో పక్షం వచ్చింది కదా?"

"అబ్బో, ఆ ఏడు తలప్రాణం తోకకొచ్చిందండి. రెండు వరసలకి మూడు వాటాలు ఎలా ఏత్తాం? ఆకరికి కోడళ్లందర్నీ ఒక వాటా కింద తీశాం. అత్తలు ఊరుకుంటారా? నిన్నగాక మొన్నొచ్చిన దానికి ఏరే గుర్తా అని వారం రోజులు ఊరు దద్దరిల్లిపోయింది."

"మీకు నచ్చినవారికి మీరెప్పుడైనా వేశారా?"

ఆమె గంపలోని పరిగ చేపలను అటూ ఇటూ సర్దింది. "నాకు నచ్చినాయన ఒకాయన ఉన్నాడండి. మా వరసకి ఆయన గుర్తు వచ్చేతలికి ఆయన పార్టీ మారిపోయాడు."

రాయనని నేను మాట ఇవ్వలేదు. చూస్తానన్నాను. ఇంటికి వచ్చి ఐదు పేజీలు రాశాను. నేను రాసినవాటిలో అంత బాగా కుదిరినవి వేరే లేవు.

సమావేశంలో ఆరో అధ్యాయం వంతు వచ్చేసరికి చంద్రరావు గారు కళ్లజోడు తీసి పట్టిక మీద వేలు పెట్టారు. పుస్తకం అచ్చు ఖర్చు ఆయనది. వచ్చే ఎన్నికల్లో పార్లమెంటుకు టికెట్టు కోసం ప్రయత్నిస్తున్నారని అందరికీ తెలుసు, ఆయనా దాచుకోలేదు.

"యుగంధర్ గారూ, ఈ నూట ఇరవై ఒకటో బూత్ కథేంటండి? పక్క లంక మొత్తం అటు పడిపోతే ఇది మాత్రం తక్కెట్లో తూచినట్టుంది."

నేను నోరు తెరిచేలోగా ఉదయభాస్కర్ గారు అందుకున్నారు. "దీన్ని పరిణత రాజకీయ చైతన్యం అంటారండి. రెండు పక్షాల వాదనా విని, ఎవరికి వారు ఆలోచించుకుని వేస్తే తప్ప ఇలా రాదు."

దుర్గాశ్రీ గారు ప్రూఫులలోంచి తల ఎత్తలేదు. "మా ఇంట్లో నలుగురం ఆలోచించుకునే వేశామండి. నాలుగూ ఒకవైపే పడ్డాయి. ఇంత సమానంగా ఆలోచించడం ఎవరి వల్లవుద్ది?"

"అదీ మాట," అన్నారు చంద్రరావు గారు. "నా నర్సరీలో ఒకే రోజు నాటిన మొక్కలు కూడా ఇంత సమానంగా ఎదగవండి. ఎదిగాయంటే ఎవడో కత్తెర పట్టుకుని తిరుగుతున్నాడన్నమాట." తలుపు వైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వు పుంతలంక మనిషివేనంటగా?"

"ఆయ్, అవునండి."

"మీ ఊళ్లో ఓట్లు ఎవరు కత్తిరిస్తారు?"

మరిడమ్మ లేచి నిలబడింది. "మా ఊళ్లో మొగుడికీ పెళ్లానికే పడదండి. ఈయన ఇటేత్తే ఆవిడ అటేత్తాది. సగం సగం కాక ఏమవుద్ది బాబూ?"

గదిలో అందరూ నవ్వారు. చంద్రరావు గారు అందరికంటే గట్టిగా నవ్వి, అందరికంటే ముందే ఆపారు.

"అయితే నాకూ సగం గ్యారంటీయే."

"ముందు మీరు రండి. రాకుండానే లెక్కెట్టేసుకుంటే ఎలాగండీ?"

"వస్తే ఏం అడుగుతారు?"

"రాళ్లండి. దిగువన ఇంకా పొయ్యాల. ఇప్పుడు మా పెదనాన్న కొడుకు ఇంటి పెరడు సగం ఏట్లో ఉంది."

గోడ గడియారం చూసి ఆమె సంచి చంకన పెట్టుకుంది. బస్సు పట్టుకుని రేవుకు చేరేసరికి ఏరు దాటించే ఆఖరి పంటు వెళ్లిపోతుందట. నా దగ్గరికి వచ్చి, "ఎల్లొత్తానండి బాబుగారూ. మీరు సదివేది ఇనాలనే వచ్చాను, కుదర్లేదు," అంది. మెట్లమీద ఆమె అడుగుల చప్పుడు తగ్గిపోయేదాకా చంద్రరావు గారు ఆగారు.

"ఇప్పుడు చెప్పండి. ఆవిడ వెళ్లిపోయింది."

"ఏం చెప్పమంటారు?"

"నాలుగైదు రోజులు ఆ లంకలో ఉన్నారు. మీలాంటివారు ఉత్తి చేతులతో రారండి. నేనేం దుర్మార్గుణ్ణి కాదు, ఉన్నమాట చెప్తున్నాను. ఎంపీకి వచ్చే నిధులెన్ని? ఊళ్లెన్ని? సగం ఎలాగూ పడేదుంటే పెట్టక్కర్లేదు, మిగతా సగం ఎలాగూ పడనిదైతే పెట్టి లాభం లేదు. కదలని ఓటుకి ఎవడండీ రాళ్లు పోసేది? అవతలివాడైనా అంతే. కదిలే ఊరైతే చెప్పండి, దిగువ కట్టు మొట్టమొదట నేనే అడుగుతాను."

ఆయన మాటల్లో ద్వేషం లేదు. లెక్క ఉంది. ఆ లెక్కలో తప్పు ఎక్కడా కనబడలేదు. నా ఐదు పేజీలు అచ్చయితే ఈయనే కాదు, ఈయనకు పోటీగా నిలబడేవారూ చదువుతారు. పుంతలంక ఓటు ఎటూ కదిలేది కాదని ఇద్దరికీ ఒకేసారి తెలుస్తుంది. ఆ తరవాత ఆ ఊరికి పడవమీద వచ్చేవి కరపత్రాలే.

"చైతన్యం అనే రాయనివ్వండి," అన్నారు ఉదయభాస్కర్ గారు, ప్రాధేయపడుతున్నట్టు. "పుస్తకం ఆలస్యమైపోతోంది."

"రాయండి, నాకేం? కానీ ఒకటి. రేపు నా డబ్బుతో పుస్తకం వచ్చాక, ఇందులో లేని సంగతి ఈయన ఇంకెక్కడో అచ్చేస్తే నా మర్యాదేం కావాలి? కారణం తెలిస్తే తెలిసిందని ఇప్పుడే ఇందులో పెట్టండి. తెలియకపోతే తెలియలేదని సంతకం పెట్టండి."

నేను సంచి తెరిచాను. రెండు ప్రతులూ ఒకే మందంగా ఉన్నట్టే ఉన్నాయి. ఐదు పేజీల తేడా చేతికి తెలియదు. ఎవరైనా కాసేపు మాట్లాడతారేమో, నాకు వ్యవధి దొరుకుతుందేమో అని చూశాను. దుర్గాశ్రీ గారు ప్రూఫులు దిద్దుకుంటూనే ఉన్నారు. ఇంత చిన్న పనికి ఇంత అలసట ఎందుకో అర్థం కాలేదు. పరిశోధకుడిగా నాకు ఒక్కటే నియమం ఉండేది: తెలిసినది తెలియదని రాయకూడదు. ఆ నియమం వల్ల ఈ పదకొండేళ్లలో ఎవరి ఇల్లూ నిలబడలేదు, ఎవరి ఇల్లూ కూలలేదు. నేను దాన్ని పాటిస్తున్నట్టు కూడా ఎవరికీ తెలియదు.

ఐదు పేజీలు లేని ప్రతిని తీసి బల్లమీద పెట్టాను.

"కారణం తేలలేదండి," అన్నాను.

"నాలుగైదు రోజులుండీనా?"

"ఉండీనే."

చంద్రరావు గారు నా ముఖంలోకి కాసేపు చూశారు. నమ్మలేదు. నమ్మకపోవడం వల్ల తనకు ఒరిగేది లేదని మాత్రం గ్రహించినట్టున్నారు. "సరే రాయండి భాస్కర్ గారూ," అని కళ్లజోడు పెట్టుకున్నారు.

ఉదయభాస్కర్ గారు సంఘం కాగితం మీద తమ గుండ్రటి దస్తూరితో రాశారు: నూట ఇరవై ఒకటో బూత్‌లో ఓట్లు సమానంగా పడటానికి కారణమేదీ నా పరిశోధనలో తేలలేదనీ, ఆ విషయమై ఈ గ్రంథంలో ఉన్నదానికి మించి నా వద్ద సమాచారమేదీ లేదనీ, ఇకముందు వేరొకచోట ప్రకటించబోననీ ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

రెండుసార్లు చదివాను. వాక్యంలో దోషమేమీ లేదు. నేను ఇంతవరకు రాసిన ప్రతి వాక్యానికీ అడుగున ఒక ఆధారం చూపించాను. దీనికి చూపించడానికి ఏమీ లేదు. ఇది అచ్చులోకీ రాదు. దిగువ కట్టు ఎవరైనా కడతారో కట్టరో దీనివల్ల తెలియదు. ఆ ఊరికి ఒక అవకాశం పోకుండా ఉంటుంది, అంతే. వచ్చే ఎన్నికల్లో వరసలు మారతాయి. మరిడమ్మ తన వరసకు వచ్చిన గుర్తు మీద నొక్కి వస్తుంది.

"తారీఖు కూడా వెయ్యండి," అన్నారు ఉదయభాస్కర్ గారు.

తారీఖు వేసి సంతకం పెట్టాను. చంద్రరావు గారు సాక్షిగా కింద సంతకం చేశారు. సిరా ఆరేదాకా ఉదయభాస్కర్ గారు కాగితాన్ని ఫ్యాను కింద పట్టుకున్నారు. తరవాత అంచులు కలిసేటట్టు సరిచూసి, నిలువునా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, సంఘం ఫైలులో పెట్టి, ఫైలును బీరువాలో పెట్టి తాళం వేశారు.