పెట్టెలో గాలి

నాలుగు రోజులుగా రుఫినాకు ఒళ్లు మండిపోతోంది. ఆ మంటకు కారణం పడవ మధ్యలో కూర్చున్న ప్లైవుడ్ పెట్టె.

దాన్ని చేయించింది పడవ యజమాని క్రిసాంతో. లోపల ఎయిర్ కంప్రెసర్, దాన్ని తిప్పే పెట్రోలు ఇంజను. ఆ కంప్రెసర్ తోసిన గాలే పచ్చ గొట్టంలోంచి పద్నాలుగు బారల లోతున చేపలు కొట్టే ఆమె మొగుడు సీసో నోటికి చేరాలి. కమోతెస్ దీవుల దగ్గర ఇలా గొట్టంతో దిగి వేటాడటం నిషేధం. గస్తీ పడవకు చప్పుడు వినబడకూడదని క్రిసాంతో నాలుగు పక్కలా పలకలు కొట్టించి, పాత పరుపు చింపి లోపలంతా అంటించాడు. ఎక్కడా సందు లేదు. ఇంజను పొగ వదిలేదీ అందులోనే, కంప్రెసర్ గాలి పీల్చేదీ అందులోనే. ఇది తప్పని తెలియడానికి చదువు అక్కర్లేదు, ముక్కుంటే చాలు.

మొదటి రోజే ఆమె చెప్పింది. కింద ఒక కిటికీ, పైన ఒక కిటికీ కోయమంది. పొగ గొట్టాన్ని పెట్టె బయటికి లాగి గాలివాలుకు తిప్పమంది. పీల్చే మూతిని వెదురుకు కట్టి, గాలికి ఎదురు పక్క ఎత్తున నిలబెట్టమంది. కన్నం పెడితే చప్పుడొస్తుంది, చప్పుడొస్తే గస్తీవాళ్లొస్తారు, ఆపైన అందరికీ పస్తే అన్నాడు క్రిసాంతో. అతన్ని అందరూ నోయ్ అంటారు, అంటే అన్న. అన్నం పెట్టే నోయ్ మాట కాదనకూడదని అందరూ తలలూపారు.

నిన్న సీసో పైకొచ్చేసరికి కాళ్లు తేలిపోతున్నాయి. తల పగిలిపోతోందంటూ పడవ అంచున వేలాడి కక్కుకున్నాడు. క్రిసాంతో పకపకా నవ్వి, రాత్రి కొబ్బరికల్లు ఎక్కువైనట్టుంది తమ్ముడికి అన్నాడు. సీసో ఈస్టరు నుంచి చుక్క ముట్టలేదు. అయినా మూతి తుడుచుకుని పక్కకు జరిగాడు. కుట్టిన దోమకు కూడా ఎదురు చెప్పని మనిషి. పెద్దనాన్న కొడుకైన క్రిసాంతోను ఏమంటాడు? ఆ నోరు లేనితనం చూసి రుఫినాకు మొగుడి మీద కూడా మండింది.

ఇవాళ మళ్లీ ఇంజను వేశారు. పెట్టె బుర్రుమంటోంది. సీసో ఈతకు వాడే పలక చెప్పులు కాళ్లకు తగిలించుకుని, గొట్టం నడుముకు కట్టించుకోవడానికి వచ్చి నిలబడ్డాడు. ఆ ముడిని గొట్టానికి కాపలా ఉండేవాళ్లే వేయాలి, పైకొచ్చాక వాళ్లే విప్పాలి. ఇంకెవరు వేసినా మనిషి కిందే ఉండిపోతాడని వాళ్ల నమ్మకం. ఈ పడవలో కాపలా రుఫినాది. ఆమె గొట్టాన్ని చుట్టచుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కట్టవే ఇన్‌డే, పొద్దెక్కుతోంది," అన్నాడు క్రిసాంతో, ఇంటి ఆడపిల్లను పిలిచినట్టు.

"నేను కట్టను."

"అయితే నేనే కడతా."

"నువ్వు కట్టొద్దులే నోయ్. పీల్చు. ఈ గొట్టం పళ్ల మధ్య పెట్టుకుని ఇక్కడే కూర్చో. నేను అన్నం వండి దింపేదాకా తియ్యకూడదు. ఏమీ కాకపోతే నేనే ముడి వేస్తా, జన్మలో మళ్లీ నోరెత్తను."

తక్కిన ఇద్దరు ఈతగాళ్లూ ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు క్రిసాంతోకు గుచ్చుకుంది. ఆడదాని దగ్గర ఓడిపోతే ఇక ఈ పడవ మీద అతని మాట ఎవడు వింటాడు? గొట్టం లాక్కుని నోట్లో పెట్టుకున్నాడు. ముక్కు వేళ్లతో మూసుకుని, రెండో చెయ్యి నడుం మీద వేసుకుని దర్జాగా కూర్చున్నాడు.

రుఫినా బియ్యం కడిగింది, పొయ్యి వెలిగించింది. ఈతగాళ్లలో ఒకడు, నోయ్ ఊరికే కూర్చుని గాలి పీలుస్తున్నాడు, దానికీ కూలి అడుగుతాడేమో అని వేళాకోళమాడాడు. ఎసరు పొంగేసరికి ఆ వేళాకోళాలు ఆగిపోయాయి. క్రిసాంతో కళ్లు ఎర్రబడ్డాయి. నుదుటి మీద చెమట పట్టింది. రుఫినా అటు చూడలేదు, మూత తీసి గరిటె తిప్పుతూ ఉండిపోయింది. అన్నం ఇంకా ఉడకనేలేదు. అతను గొట్టం ఊసేసి, ఎండ ఎక్కువగా ఉంది అంటూ లేవబోయాడు. కూలబడ్డాడు. పాక్కుంటూ అంచుకు పోయి, నిన్న సీసో కక్కిన చోటే కక్కుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు. సీసో మాత్రం ఆ చోటు వంక చూస్తూ నిలబడ్డాడు.

రుఫినా చేపలు కోసే కత్తి తీసింది. ఇంజను ఆపి పెట్టె పక్కకు వెళ్లింది. అడుగున పలకలో కత్తి దింపి, పైన మరోచోట దింపి, కాలితో తన్నింది. పరుపు పీలికలతో పాటు వేడి, పొగ ఒక్కసారి మొహాన కొట్టాయి. దగ్గుతూనే తన్నింది. నాలుగు రోజులు ఈ పొగే తన మొగుడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందనుకుంటే ఆ పెట్టెను ముక్కలు చేసినా కసి తీరేలా లేదు.

క్రిసాంతో పడవ అంచు దగ్గరే వాలిపోయి ఉన్నాడు. "గాలి ఇంత దరిద్రంగా ఉందని ఎవరూ చెప్పలేదేంరా," అని గొణిగాడు.

రుఫినా కత్తి పక్కన పెట్టి, నోరు కడుక్కోమని చెంబుతో నీళ్లు తెచ్చి అతని ముందు పెట్టింది. పెద్దవాళ్లను అడిగినట్టే, మర్యాదగా అడిగింది.

"రాత్రి కల్లు ఎక్కువైందా నోయ్?"