గోడకవతలి గజం కర్ర

అక్షరాలు నాకు ఈ మధ్యనే వచ్చాయి. తప్పులుంటే సర్దుకుని చదవండి. నేను మెల్లగా రాస్తాను, మీరూ మెల్లగా చదివితే ఇద్దరం కలిసే చివరికి చేరతాం.

మా ఆయన పోయాక నాకు తోడుగా మిగిలింది పొద్దున్నే పాడుకునే దేవుడి పాట ఒక్కటే. నా గొంతు బొంగురు. గోడకు అవతలి గదిలో దర్జీ అన్నయ్య ఉంటాడు. ఆయనకు పెళ్లి లేదు, పిల్లల్లేరు, దేవుడు అసలే లేడు. నేను పాట ఎత్తుకోగానే గజం కర్రతో గోడ మీద టకటకా కొట్టేవాడు.

“బొంగురమ్మా, నీ దేవుడికి చెవుడా?”

“ఆయనకు బాగానే వినిపిస్తుందన్నయ్యా. ఈ గట్టిదనం నీ కోసం.”

ఏళ్ల తరబడి ఇదే మా పలకరింపు.

ఒకరోజు పాట ఎత్తుకున్నాను. కర్ర చప్పుడు లేదు. రెండో చరణం ఇంకా పైకెత్తి పాడాను. మామూలుగా అయితే అక్కడికి గోడ సున్నం రాలాలి. అయినా చప్పుడు లేదు. పాట ఆపేసి పరుగెత్తాను. ఆయన తలుపుకు లోపల గడియ వేసి ఉంది. కింద కొట్లో పని చేసుకునే వడ్రంగి తమ్ముడిని పిలుచుకొచ్చాను.

“నిద్రపోతున్నాడేమో అక్కా. తలుపు విరగ్గొడితే నా తోలు తీస్తాడు.”

“నా పాటకు నిద్రపోగలిగినవాడు ఇంతవరకు పుట్టలేదు. కొట్టు.”

గడియ ఊడింది. అన్నయ్య కుట్టు మిషను పక్కన నేల మీద పడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట. పిలిస్తే పలకడు. ఇద్దరం బండిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాం. షుగర్ బాగా పడిపోయిందని, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదని డాక్టరమ్మ చెప్పింది. నేను బయట బెంచీ మీద కూర్చుని, “ఆయన నిన్ను నమ్మకపోతే పోనీ తండ్రీ, నువ్వు మాత్రం ఆయన్ని వదలకు” అని లోలోపలే అడిగాను.

కళ్లు తెరిచి ఆయన అన్న మొదటి మాట, “నా తలుపు ఎవడు విరగ్గొట్టాడు?”

“దేవుడే తెరిపించాడన్నయ్యా.”

“దేవుడు కాదు, నీ గొంతు.”

“ఆ గొంతు ఎవరిచ్చారు మరి?”

ఆయన అటు తిరిగి పడుకున్నాడు. చేతిలో కర్ర లేదు కాబట్టి ఆ పూటకు నేనే గెలిచాను.

ఇంటికొచ్చాక ఆయనకు వేళకు వండి పెట్టడం నా పనైంది. ఊరికే తినడం ఆయనకు నామోషీ. అందుకని నల్లగుడ్డ పరిచి, కొలతల సుద్దతో నాకు అక్షరాలు దిద్దించాడు. తప్పు రాస్తే ఆ గజం కర్రే బల్ల మీద మోగేది.

ఇప్పటికీ దేవుడు లేడనే అంటాడు. మొన్న జలుబు చేసి నేను పాడలేదు. తెల్లారిన కాసేపటికే గోడ మీద టకటక.

“ఏమమ్మా, ఉన్నావా?”

“ఉన్నానన్నయ్యా. గొంతే లేదు.”

“ఎన్నడుంది గనక? కానియ్యి, పాడు.”

పాడాను.

బొంగురమ్మ, అరవై ఎనిమిదేళ్లు, మెట్ల పక్క గది, గోడకు ఇవతల.