కృపాబాయి పాడుకున్న విందు

కృపాబాయి నాలుగో కోడిని ముక్కలు కొడుతున్నప్పుడు, ముందుగదిలో సంక్షేమ సంఘం వారు మసీరా దీవిలోని భారతీయుల కష్టాల మీద తీర్మానం రాస్తున్నారు. కష్టాలకు ముందు 'తీవ్రమైన' అని పెట్టాలా, 'దుర్భరమైన' అని పెట్టాలా అన్నచోట అరగంటగా ఆగిపోయారు. ఈలోగా రెండుసార్లు టీ వెళ్ళింది. ఖాళీ గ్లాసులు పట్టుకుని వంటింట్లోకి వచ్చిన సంఘ కార్యదర్శి ఆనందబాబు, "దుర్భరమే బావుంది కదే కృపా" అని అడిగాడు. ఆయన ఆమె భర్త కూడా. ఏది పెట్టినా బియ్యం ఎసట్లో పడాలి, కాస్త పక్కకు జరగమంది కృపాబాయి.

అది డెబ్భై ఆరో సంవత్సరం. ఒమాన్ తీరానికి కాస్త దూరంలో ఉన్న ఆ దీవిలో ఉన్నది ఆరు మంచాల ఆస్పత్రి ఒక్కటే. అందులో కృపాబాయి స్టాఫ్ నర్సు. బాపట్ల దగ్గర పల్లెలో ఉండగా ఈ ఉద్యోగం వచ్చింది ఆమెకు. క్వార్టర్ ఇచ్చిందీ ఆమెకే. ఆనందబాబు ఏడాది తర్వాత వచ్చి ఆస్పత్రి స్టోరులో కుదిరాడు. వచ్చిన మూడు నెలలకే ఆ ఇల్లు ఆనందబాబుగారి ఇల్లు అయిపోయింది, ఎలా అయిందో ఎవరూ చెప్పలేరు. శుక్రవారం దీవి మొత్తానికీ సెలవు. ఆ రోజు సంఘం పద్నాలుగు మందీ ఆనందబాబుగారి ఇంట్లో సమావేశమై, చర్చించి, భోంచేసి, కునుకు తీసి వెళ్ళేవారు. ఊరి నుంచి అత్తగారు సౌభాగ్యమ్మ ప్రతి ఉత్తరంలోనూ ఒకటే రాయించేది: మావాడు నలుగురిలో తిరిగే మనిషి, వాడి పేరు నిలబెట్టడం నీ చేతిలో ఉందమ్మా. ఆ చేతిలో కత్తిపీట, గరిటె, అంట్లు తోమే పీచు తప్ప ఇంకేదీ ఉండే వీలు లేదని ఆ పెద్దావిడకు మాత్రం ఎవరు చెబుతారు.

కృపాబాయికి ఇంకొక సంఘం కూడా ఉంది. దానికి పేరు లేదు, లెటర్‌హెడ్ లేదు. పదకొండు మంది ఆడవాళ్ళు. దీవి దక్షిణపు కొసన ఉన్న పల్లెల నుంచి ఆస్పత్రికి రావాలంటే ఇసకలో మూడు గంటలు ట్రక్కు మీద కుదుపులే కుదుపులు. కిందటేడు ఒక పిల్ల ఆ ట్రక్కులోనే కనేసింది. దేవుడి దయవల్ల తల్లీబిడ్డా బతికారు. ఆ ట్రక్కుకు ఎదురెళ్ళింది కృపాబాయి, పిల్ల పక్కన ఉన్నది దీవి మంత్రసాని ఉమ్ సయీద్. బొడ్డు కోసి, చేతులు కడుక్కుంటూ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, భాష పెద్దగా అక్కర్లేకుండానే ఒక మాట అనుకున్నారు. ఆస్పత్రి పక్కన ఒక గది ఉంటే, నెలలు నిండినవాళ్ళు పది రోజులు ముందే వచ్చి అందులో ఉండొచ్చు.

డాక్టరుగారు స్థలానికి అనుమతి తెచ్చారు. బడి కడుతున్నవాళ్ళు మిగిలిన రాయి, సిమెంటు ఇస్తామన్నారు. చేతులే లేవు. కట్టే మనుషులకు శుక్రవారం తప్ప తీరిక లేదు. జూన్ వస్తే గాలి లేస్తుంది, పడవలు ఆగిపోతాయి, తడి గోడ నిలవదు. ఉన్నది రెండు నెలలు. ఆడవాళ్ళందరూ కూర్చుని ఎవరెన్ని శుక్రవారాలు ఇసక మోస్తారో, నీళ్ళు మోస్తారో చెప్పుకున్నారు. ఉమ్ సయీద్ అన్నీ ఇస్తానంది. ఆయా హమీదున్నీసా ఐదన్నది. వరస కృపాబాయి దాకా వచ్చింది.

"నీవెన్ని అక్కా?" అంది హమీదున్నీసా.

కృపాబాయి వేళ్ళ మీద లెక్కపెట్టబోయి చెయ్యి ముడిచేసింది. గది ఆలోచన ఆమెది. ఊపిరి సలపకుండా పదిమంది చుట్టూ తిరిగి ఒప్పించింది ఆమె. ఇవ్వడానికి ఒక్క శుక్రవారం కూడా లేనిదీ ఆమే. సిగ్గేసింది. ఇంటికొచ్చి, రెండు నెలలు భోజనాలు మానేద్దామండీ అని అడిగింది. ఆనందబాబు కోప్పడలేదు, అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది. నవ్వాడు. "సంఘం పని ఆగిపోద్ది కదే. ఎలాగూ ఇద్దరికి వండేదానివే, ఇంకో పదమూడు మందికి పెద్ద గిన్నె పెట్టడమేగా" అన్నాడు. పెద్ద గిన్నె పెట్టడమేగా. ఆ మాట ఆమె వారం రోజులు వార్డులో తనతో పాటు తిప్పుకుంది. పెద్ద గిన్నె తనంతట తాను కడుక్కుని, పొయ్యి ఎక్కి, దిగి, వడ్డించుకుని, మళ్ళీ బోర్లా పడుకుంటుందన్నమాట. పెళ్ళై పదకొండేళ్ళు. రోజూ వండింది, ఏ పూటా బావుందన్న మాట రాలేదు. బాగోకపోతే మాత్రం పక్కింటికి కూడా వినిపించింది.

వేలం ఆలోచన ఆమెకు ఇంజెక్షన్ సూదులు ఉడకబెడుతూ ఉండగా వచ్చింది. వాళ్ళ ఊరి చర్చిలో కోత పండక్కి జనం గుమ్మడికాయలు, కోళ్ళు, అరిసెలు తెచ్చి కానుకగా పెట్టేవారు. వాటికి వేలంపాట. ఒక గుడ్డుకు పది గుడ్ల ధర పలికేది. గుడ్డు కోసం కాదు, పాడటంలో ఉన్న సంబరం కోసం. ఇక్కడా అలాగే పాడిద్దాం, కానీ డబ్బు వద్దు, శుక్రవారాలు పాడాలి అంది కృపాబాయి. రెండు శుక్రవారాల పని, మూడు శుక్రవారాల పని, అలా. హమీదున్నీసా ఎగిరి గంతేసి, పాట పాడించేది తనే అని అప్పుడే ఒప్పించేసుకుంది.

బడి కడుతున్న సైట్ మేస్త్రీ దస్తగిర్‌కు ఈ సంగతి తెలిసి పెద్ద మనసుతో వచ్చాడు. వేలమెందుకమ్మా, నా పేరున ఇరవై మంది కూలీలను పంపిస్తా, రెండు నెలలు శుక్రవారాలు మీవే అన్నాడు. ఆయన వెనకే నిలబడిన జగిత్యాల తాపీపనివాడు భీమన్న తల వంచుకుని కాలి బొటనవేలితో ఇసక గీరుతున్నాడు. ఆ ఒక్కరోజే వాళ్ళు బట్టలు ఉతుక్కునేది, ఇంటికి ఉత్తరం రాయించుకునేది. కృపాబాయి ఆ వంచిన తలను చూసింది. ఒక మనిషి శుక్రవారాన్ని ఇంకొకరు ఎంత హాయిగా దానం చేసేస్తారో ఆమెకు ఒకరు చెప్పాలా. అలా వద్దు, ఇక్కడ ఒకటే పద్ధతి అంది. ఎవరు ఏది పెట్టినా, ఎవరు ఏది పాడినా, సొంత పేరున, సొంత చేతుల్తో. ఇంకొకరి ఒళ్ళు పెట్టడానికి లేదు. దస్తగిర్ మంచివాడే, కాసేపు మీసం దువ్వుకుని, అయితే నేనూ వస్తాలే తల్లీ తాపీ పట్టుకుని, అన్నాడు.

వేలం ఆస్పత్రి ఆవరణలో, మధ్యాహ్నం నమాజు అయ్యాక. ఒక పక్క చాపల మీద ఆడవాళ్ళు, ఇంకో పక్క జాలర్లు, డ్రైవర్లు, సైట్ మనుషులు. సంక్షేమ సంఘం వారు ముందు వరసలో కుర్చీలేసుకున్నారు. హమీదున్నీసా చేత్తో ఇనప ట్రే, గరిటె పట్టుకుని నిలబడి హిందీలో, అరబ్బీలో, తెలుగులో ఏకధాటిగా దంచేస్తోంది. ఉమ్ సయీద్ అల్లిన ఈతాకుల చాపకు ఒక జాలరి రెండు శుక్రవారాల పాటు పడవలో నీళ్ళ పీపాలు తెస్తానని పాడాడు. అతని తమ్ముడే పోటీకి దిగి పాట పెంచేసరికి జనం ఊగిపోయారు. తర్వాత కృపాబాయి పెట్టిన గోంగూర పచ్చడి సీసా వచ్చింది. ఆ గోంగూర ఆమె స్నానం నీళ్ళతో పెరట్లో పెంచింది, ఆ ఇసకలో అది బతకడమే గొప్ప.

భీమన్న లేచి నిలబడ్డాడు. "గది పుంటికూర తొక్కేనా అక్కా? గట్లయితే రెండు శుక్రారాలు."

వెనక నుంచి దస్తగిర్ మూడన్నాడు. ఎవరో డ్రైవరు, అదేమిటో తెలియకుండానే, నాలుగన్నాడు. భీమన్న వెనక్కి తిరిగి చూసి, "ఐదు. ఇగ ఎవలు మాట్లాడకుర్రి" అన్నాడు. ట్రే మీద గరిటె మూడుసార్లు మోగింది. సీసా అందుకుని, మూత తీసి వాసన చూసి, చాలా మంచిగ చేసినవక్కా అన్నాడు, ఇంకా రుచి చూడకుండానే. కృపాబాయికి గబుక్కున కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఒక సీసాడు పచ్చడికి ఒక మనిషి ఐదు సెలవులు ఇచ్చాడు. అంటే తను పదకొండేళ్ళు చేసింది పనే. పని కాబట్టే దానికి బదులు పని దొరికింది. ఇంత తేలిక సంగతి ఇన్నాళ్ళూ తనకెందుకు తట్టలేదో అని తన మీద తనకే నవ్వొచ్చింది. చాపల మీద ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ సంతోషపు కూతలు పెట్టారు.

ఆ సంబరం చూసి ఆనందబాబుకు కూర్చోబుద్ధి కాలేదు. లేచి, చొక్కా సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు. "నా పేరున ఒక శుక్రవారం విందు పెడుతున్నాను. పన్నెండు మందికి. కోడిపలావు, కూర, పెరుగుచట్నీ" అని ప్రకటించాడు. జనం కేరింతలు కొట్టారు. ఆయన అలవాటు కొద్దీ కృపాబాయి వైపు చూసి తల పంకించాడు, నిమ్మకాయలు కూడా తీసిపెట్టు అన్నట్టు. గది కోసం అందరూ తమ శుక్రవారాలు ఇస్తుంటే, ఈయన ఆమెది తీసి ఇచ్చేశాడు, అదీ ఆమె కళ్ళముందే. తర్వాత, మెల్లిగా, ఆయన అన్న మొదటి రెండు మాటలు ఆమెకు మళ్ళీ వినిపించాయి.

పాట రెండు నుంచి నాలుగుకు వెళ్ళింది. సంఘం అధ్యక్షుడే ఐదన్నాడు. భోజనం ఎంత బాగుంటుందో ఆయనకు తెలుసు మరి.

"ఎనిమిది" అంది కృపాబాయి, చాప మీంచి లేచి. గాలి లేచే లోపు ఉన్న శుక్రవారాలే ఎనిమిది.

అందరూ ఇటు తిరిగారు. ఆనందబాబు నవ్వబోయి ఆగి, "నీకెక్కడివే శుక్రవారాలు?" అన్నాడు.

"లేవనే పాడుకుంటున్నానండీ."

హమీదున్నీసా ఇంకేమీ ఆలోచించలేదు. ట్రే బద్దలయ్యేట్టు మూడు దెబ్బలు కొట్టి, విందు కృపక్కది అని మూడు భాషల్లోనూ అరిచింది. ఇంటి విందు ఇంటి మనిషే పాడుకోవడమేమిటి, అసలు వండేదెవరు అని ఆనందబాబు అడుగుతుంటే, భీమన్న సీసా చంకలో పెట్టుకుని మర్యాదగానే చెప్పాడు: "మీ పేరున పెట్టిండ్రు బాబూ. మీ చేతులతోనే వండాలె. పద్ధతి గదా." అందరికంటే గట్టిగా నవ్వింది కుర్చీల్లో ఉన్న సంక్షేమ సంఘమే.

ఆ రాత్రి ఇంట్లో మాటల్లేవు. మర్నాడూ లేవు. మూడో రోజు ఆనందబాబు పలావుకు మసాలా ముందు వేస్తారా, బియ్యం ముందు వేస్తారా అని గోడకు చెప్పినట్టు అడిగాడు. కృపాబాయి గోడలాగే విని, తర్వాత జాలిపడి చెప్పింది. నలుగురిలో అన్న మాట ఆయన తప్పేవాడు కాదు. అది ఆయనలో ఆమెకు మొదట్నుంచీ నచ్చేదే.

శుక్రవారం తెల్లవారేసరికి ఆమె గది దగ్గరుంది. కొంగు నడుముకు చుట్టి, తలమీద చుట్టగుడ్డ పెట్టి, ఇసక తట్ట ఎత్తుకుని నడిచింది. వార్డులో ఇంతకంటే బరువులు ఎత్తింది, కానీ ఒళ్ళు ఇంత తేలిగ్గా ఎప్పుడూ లేదు. ఉమ్ సయీద్ ఏదో పడవపాట ఎత్తుకుంది. మాటలు తెలియకపోయినా కృపాబాయి గొంతు కలిపింది. భీమన్న గోడ మోకాలి ఎత్తు లేపాడు, దస్తగిర్ అతనికి రాళ్ళందించాడు. మధ్యాహ్నానికి ఆనందబాబు వచ్చాడు. చొక్కా నిండా పసుపు, వేలికి గుడ్డకట్టు. గిన్నె ఒక పక్క అధ్యక్షుడు పట్టుకున్నాడు. ఆడవాళ్ళు పన్నెండు మంది, ఎవరో ఒక బాలింతతో కలిపి, గోడ నీడలో వరసగా కూర్చున్నారు. ఆనందబాబు ఒక్కొక్కరికీ వంగి వడ్డించాడు. కృపాబాయి తన పళ్ళెం ఒడిలో పెట్టుకుంది. పలావు అడుగంటింది, ముక్క ఉడికింది, వేడిగా ఉంది. వేరే చెయ్యి వండిన వేడన్నం తిని ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానేసింది.

ఆనందబాబు గరిటె పట్టుకుని ఆమె ముందే నిలబడి ఉన్నాడు. వెళ్ళడు, కూర్చోడు. చివరికి, కొంచెం బెరుగ్గా, "ఎలా ఉంది?" అన్నాడు.

కృపాబాయి తీరిగ్గా ఇంకో ముద్ద నమిలి మింగింది.

"బావుందండీ" అంది. "వచ్చే శుక్రవారం ఉప్పు కొంచెం తగ్గించండి."