గాల్లో బిగించిన బోల్టు

సిమెంటు చల్లదనం చొక్కా దాటి వీపుకు ఎక్కుతోంది.

కారు కింద పడుకున్నాను. పైన ఇనుము. ఏ వానకు ఏ రోడ్డు ఎగజిమ్మిన మట్టో — పెళ్లలుగా ముఖం మీద రాలుతోంది.

షెడ్డు తలుపు తీసే ఉంది. పొద్దుటి ఎండ, చక్రం లేని మూల దాకా వచ్చి ఆగింది.

చక్రానికీ కారుకీ మధ్య ఒక ఇనుప చెయ్యి ఉంటుంది. ఆ చేతి కీలులో రబ్బరు బుష్షు. గుంట ఎదురైతే ఆ దెబ్బ అదే తినాలి. కూర్చున్న మనిషి దాకా రానివ్వకూడదు.

ఇది రానిచ్చింది. నీళ్లు తప్పిన మడిలా నెర్రెలిచ్చింది.

"ఏడాది కూడా కాలేదు బావా! పోయినసారి వేసిన మహానుభావుడెవరో!"

బావమరిది. నా భార్య తమ్ముడు. పేరున్న మెకానిక్కు. కుడి మణికట్టు విరిగి పిండికట్టు వేశారు. పీట మీద కూర్చుని ఎడమ చేత్తో టీ తాగుతున్నాడు. నోటికి మాత్రం ఏ కట్టూ లేదు.

వేసింది నేనే. అతనికీ తెలుసు.

"చక్రం వేలాడుతుండగానే బోల్టు బిగించేశావు కదూ?"

"ఊఁ."

"గాల్లో బిగించావు. జాకీ దించగానే కారు బరువంతా పడి రబ్బరు మెలి తిరిగింది. ఆ మెలి మీదే రోజూ నలిగింది. బరువు మీద బిగించాలి బావా, బరువు మీద."

గాల్లో బిగించాను.

ఆరు నెలలు... టక్... టక్... గుంట గుంటకీ.

"ఏదో కొడుతోందండీ" అంది నా భార్య ఒకసారి, పక్క సీట్లోంచి. "చూద్దాంలే" అన్నాను. మళ్లీ అనలేదు. నడుము మీద చెయ్యి వేసుకుని కూర్చునేది.

డాక్టరు డిస్కు అన్నాడు. కారు వల్ల అనలేదు.

నేను అడగలేదు.

ఆపరేషనయి తొమ్మిది రోజులు. ఈ సాయంత్రం నాలుగింటికి ఇంటికి పంపుతామన్నారు. గట్టి కుదుపు తగలకూడదన్నారు. ఆస్పత్రి వ్యాను ఉంది. నిన్న ఫోనులో ఆమె ఒక్కటే అంది — "నన్ను పడుకోబెట్టి తేకండి. మన కార్లో కూర్చునే వస్తాను."

సరే అన్నాను.

అన్నాక, చెయ్యాలి.

బోల్టు రానంది. తుప్పు దాన్ని తనలో కలిపేసుకుంది. పానా పిడికి పైపు తొడిగాను. కాళ్లు గోడకు తన్ని లాగాను. రాలేదు. మళ్లీ లాగాను. రాలేదు. మళ్లీ...

కీచుమంది.

చీకట్లో పిట్ట అరిచినట్టు, ఒక్కసారి.

ఇనుప చేతిని ఊడదీసి, కదలకుండా బల్ల మీది వైసు దవడల మధ్య బిగించాను. పాత బుష్షు రబ్బరు కోశాను. దాని ఇనుప తొడుగును రంపం బ్లేడుతో సన్నగా చీల్చాను — లోపలి గోడకు గీత పడకుండా. ఆ చీలికలో పెట్టి కొట్టిన ఉలి జారింది.

"బావా, రక్తం."

"కనబడుతోంది."

"వ్యానులో తెద్దాం పోనీ. అక్కకి నేను చెబుతాలే."

వేలికి గుడ్డ చుట్టాను.

కొత్త బుష్షుకు సబ్బునీళ్లు రాశాను. నూనె రాస్తే రబ్బరు కుళ్లుతుందన్నాడు. పొడుగాటి బోల్టు దూర్చి, రెండు వైపులా బిళ్లలు వేసి, నట్టు తిప్పాను. వెంట్రుకంత లోపలికి. ఇంకో వెంట్రుకంత. మొక్క నేల చీల్చుకునేంత నిదానంగా.

ఒక వైపు అయ్యేసరికి పదకొండు. రెండో వైపు అయ్యేసరికి రెండు. ఎండ షెడ్డు దాటి పోయింది. అన్నం గుర్తు రాలేదు.

బోల్టులన్నీ వదులుగా దూర్చాను. చక్రాలు వేశాను. నాలుగు చక్రాల కిందా చెక్క దిమ్మెలు పెట్టి జాకీ దించాను.

కారు కూర్చుంది. నిట్టూర్చినట్టు.

"ఇప్పుడు బిగించు."

"ఆగు. నువ్వెక్కి కూర్చో. ఆ సీట్లో."

"అక్క బరువుకి సరిపోతానా?"

"ఇద్దరక్కలంత ఉన్నావు. ఎక్కు."

నవ్వుతూ ఎక్కాడు. కారు వేలెడు దిగింది. ఆ కిందికి దూరాను. మోచేతులు ముడిచేంత చోటు కూడా లేదు. అక్కడే, ఆ బరువు మీదే, బిగించాను. ఒక్కొక్కటీ. బిగించిన దాన్ని మళ్లీ పట్టి చూశాను.

పైనుంచి మాట వినబడింది. ఈసారి నవ్వు లేదు అందులో.

"బావా... అక్క నడుముకీ దీనికీ సంబంధం లేదు. తెలుసా?"

"నీకు తెలుసా?"

అతను తలుపు తీసుకుని దిగాడు.

నాలుగింటికి ఆస్పత్రి మెట్ల దగ్గర ఉన్నాను. నర్సు ఒక చెయ్యి, నేను ఒక చెయ్యి. ముందు కూర్చుంది. తర్వాత కాళ్లు రెండూ కలిపి లోపలికి తిప్పుకుంది. నీళ్ల కుండ దించుకున్నంత జాగ్రత్తగా.

నా వేలి గుడ్డ చూసింది. అడగలేదు.

వీధి మలుపు దాటితే రోడ్డు తవ్వి పూడ్చిన చోటు. పూడ్చినది కుంగింది. వేగం తగ్గించాను. ఇంకా తగ్గించాను. నడిచే మనిషి మమ్మల్ని దాటిపోయాడు.

ముందు చక్రం అంచు మీదకు వచ్చింది.

దిగింది.

ఎక్కింది.

ఏ చప్పుడూ లేదు.

ఆమె కళ్లు మూసుకుని ఉంది. నొప్పో, వింటోందో.

"ఆపకండి" అంది. "పోనివ్వండి."

ముందు ఇంకో గుంట. దాని వెనక ఇంకోటి. ఇల్లు ఇంకా మూడు వీధుల అవతల.

చెమట చొక్కా దాటి సీటుకు ఎక్కుతోంది... చల్లగా.