చెంచాన్నర ఉప్పు

బూట్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో మూడు వందల మందికి వండే మనిషికి, ఇంట్లో ముగ్గురి వంట కోసం ఉప్పు పొట్లం కట్టి పంపేవారు. ఈ ముక్క ఎవరు విన్నా నవ్వుతారు. ఆమెకు మాత్రం మూడు నెలలుగా నవ్వు రాలేదు.

పొట్లం పై అంతస్తు నుంచి దిగేది. అక్కడ ఉండేది ఆడపడుచు, బళ్ళో లెక్కలు చెప్పే టీచరు. ఆవిడ తండ్రికి, అంటే ఈ కోడలికి మామగారికి, రక్తపోటు నూట డెబ్బై దాటిన రోజున డాక్టరు గట్టిగానే చెప్పాడు. "రోజుకి సోడియం రెండు గ్రాములు మించకూడదు. ఉప్పు లెక్కన ఒక్క చెంచా, అంతే. రేపు పక్షవాతం వస్తే నన్నడక్కండి." టీచరు ఆ ఒక్క చెంచాను కూడా నమ్మలేదు. రొట్టెలో, బిస్కెట్లలో ఉండేది ఎవరు లెక్కేస్తారని సగానికి కోసేసింది. తలకి అర చెంచా, కింద ఉండే తండ్రి, తమ్ముడు, మరదలు ముగ్గురికి చెంచాన్నర. తమ్ముడి వంటింట్లోని ఉప్పు డబ్బా పైకి పట్టుకుపోయి, రోజూ పొద్దున్నే చెంచా మీద కత్తి అంచుతో సమంగా గీసి, కాగితంలో మడిచి పంపేది.

కోడలు ఊరుకుంది. మామయ్య ప్రాణం కంటే రుచి ఎక్కువా అనుకుంది. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి మోకాళ్ళు అరగదీసుకున్న ఆ పెద్దాయనంటే ఆమెకు ఇష్టమే. ఆ చప్పిడి కూర తనూ తింది. ఉప్పూకారం తినే ఒళ్ళే కదా, కోపం రాదా అందామంటే, తినేది వట్టి కారమే.

నెల తిరిగినా రక్తపోటు దిగలేదు. రెండో నెలకి ఇంకాస్త ఎక్కింది. లెక్కల టీచరు లెక్క తప్పదు కదా! తప్పిందంటే తప్పు వండేవాళ్ళదే అయి తీరాలి.

ఒక సాయంత్రం కోడలు పని నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే ఆడపడుచు అడ్డంగా నిలబడింది.

"ఆ సంచి ఇలా ఇవ్వు."

"ఎందుకు వదినా?"

"క్యాంటీన్‌లో ఉప్పుకి కరువా? నాన్న నోటికి రుచిగా వండిపెట్టి మంచిపేరు కొట్టేద్దామనేగా! ఇవ్వు."

ఇచ్చేలోగానే లాక్కుని, టిఫిన్ డబ్బా, తువ్వాలు, దువ్వెన, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్ అన్నీ మెట్ల మీద గుమ్మరించింది. ఉప్పు రవ్వ ఒక్కటి లేదు. "ఇవాళ దొరకలేదంతే. దొంగబుద్ధి ఎక్కడికి పోతుంది!" అని నాలుగు అంతస్తులకూ వినబడేలా అరిచి పైకి వెళ్ళిపోయింది. పక్కవాటాల తలుపులు తెరుచుకున్నాయి, చూశాయి, మూసుకున్నాయి. మొగుడు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, గుమ్మంలోనే ఉన్నాడు. "అక్క సంగతి నీకు తెలీదా, వదిలెయ్" అన్నాడు. మామగారు టీవీ గొంతు పెంచారు.

మర్నాడు పక్కవాటా ఆవిడ ఎదురై, "ఏంటి, సంచి బరువుగా ఉందే?" అని ముసిముసిగా నవ్వింది. కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ దొంగ అన్న మాట చెరిపించుకోకపోతే ఇక ఈ మెట్లు ఎక్కడం దండగ అనుకుంది. చెరిపించుకోవడం ఎలాగో మాత్రం తెలియలేదు. లేని ఉప్పు లేదని ఎలా చూపిస్తారు?

మూడో నెల ఆసుపత్రికి మామగారితో కొడుకూ కోడలూ వెళ్ళారు. రక్తపోటు చూసిన నర్సు మొహం చిట్లించింది.

"ఏమేం మందులు వాడుతున్నారు?"

"మీరిచ్చినవే. అవి కాక మోకాళ్ళ నొప్పికి మా అమ్మాయి తెచ్చే మాత్రలు" అన్నారు మామగారు జేబులోంచి మాత్రల గొట్టం తీసి. "నీళ్ళల్లో వేస్తే బుస్సుమని పొంగుతాయమ్మా. సోడా తాగినట్టు హాయిగా ఉంటుంది. రోజుకి ఎనిమిది."

నర్సు కళ్ళజోడు పెట్టుకుని గొట్టం మీది సన్నక్షరాలు చదివింది. "ఒక్కోదాంట్లో సోడియం నాలుగు వందల మిల్లీగ్రాములు. ఎనిమిదంటే మూడు గ్రాముల పైనే! మీకు రోజు మొత్తానికి ఉన్నదే రెండు కదా తాతగారూ!"

"మాత్రలో ఉప్పేంటమ్మా? ఉప్పగా ఉండవే!"

"పొంగడానికి సోడా పొడి వేస్తారు. అది నాలిక్కి తెలీదు, ఒంటికి తెలుస్తుంది. ఉప్పు కింద లెక్కేస్తే రోజూ చెంచాన్నర తాగేస్తున్నారు. నొప్పికి పొంగని మాత్రలు రాయిస్తాను, ఉండండి."

చెంచాన్నర! ఇంటిల్లిపాదికీ వచ్చే పొట్లం ఎంతో, మామయ్య గ్లాసు ఒక్కటే అంత. కోడలికి ముందు ఏడుపొచ్చింది. రోడ్డు మీదికి రాగానే మొగుడు నోరు విప్పాడు, దాంతో ఆ ఏడుపు కాస్తా ఎగిరిపోయింది.

"ఇదిగో, అక్కకి చెప్పకు. నాన్నకి తన చేత్తోనే ఇచ్చానని తెలిస్తే కుమిలిపోతుంది."

"మరి రక్తపోటు తగ్గితే ఏమనుకుంటుంది?"

"తన పొట్లం వల్లే తగ్గిందనుకుంటుంది. అనుకోనీ, మనదేం పోయింది?"

"నా దొంగతనం మాన్పించింది కాబట్టి తగ్గిందనుకుంటుంది!"

"నువ్వు తియ్యలేదని నాకు తెలుసుగా."

"తెలిసే ఆ రోజు గుమ్మంలో నోరు మూసుకుని నిలబడ్డావా?"

"పోనీలేమ్మా" అన్నారు మామగారు.

"పోనివ్వడానికి మాట పడింది మీరు కాదు మామయ్యా" అంది ఆమె. ఆయన చేతిలోని గొట్టం తీసుకుని ఇల్లు చేరేదాకా వెనక్కి చూడలేదు.

పై అంతస్తులో ఆడపడుచు పరీక్ష పేపర్లు దిద్దుతోంది. కోడలు గొట్టం బల్ల మీద పెట్టి, నర్సు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పింది. టీచరు నమ్మలేదు. ఎర్ర పెన్నుతో ఒకసారి లెక్క కట్టింది. మళ్ళీ కట్టింది. తర్వాత పెన్ను వదిలేసి, "నేనే నాన్నకి..." అంటూ బావురుమంది.

ఆయాసపడుతూ వచ్చిన తండ్రీకొడుకులు ఇద్దరూ ఆవిడ చుట్టూ చేరారు. తమ్ముడు మంచినీళ్ళు తెచ్చాడు. "తెలియక చేశావు తల్లీ" అని తండ్రి కళ్ళు తుడిచాడు. కోడలు నిలబడే ఉంది. ఆమెకూ జాలి వేసింది, వెయ్యకేం. కానీ కోపం ఇసుమంత కూడా తగ్గలేదు.

"మాత్రల గురించి నేనొక్క మాట అనను వదినా. తెలియక ఇచ్చారు. లేచి మెట్ల మీదికి రండి."

"ఎందుకు?"

"నేను దొంగని కాదని చెప్పడానికి."

"ఇప్పుడా?" అని మొగుడు గయ్యిమన్నాడు. "ఏడుస్తోంటే కనబడట్లేదా?"

"నేను ఏడవలేదనేగా ఇన్నాళ్ళూ మీకెవరికీ పట్టలేదు!"

ఆడపడుచే లేచింది. మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని, తల దించుకుని, "మా మరదలు ఏమీ తియ్యలేదు" అని గొణిగింది.

"వినబడలేదు వదినా. దొంగ అన్నది మాత్రం నాలుగు అంతస్తులకీ వినబడింది."

ఆడపడుచు గొంతు సవరించుకుని, వెనక బెంచీకి పాఠం చెప్పే గొంతుతో మళ్ళీ అంది. కింద పక్కవాటా తలుపు కిర్రుమంది. ఆ తలుపు పూర్తిగా తెరుచుకునేదాకా కోడలు ఆగింది.

"ఇంకోసారి" అంది.